జులైలో మెట్లెక్కే పిల్లలు

నేను రిటైరయ్యానంటే ఎవరూ నమ్మరు. వయసు ముప్పై మూడు. పెన్షన్ లేదు, షుగర్ లేదు, పొద్దున్నే నడకకు వెళ్ళి నలుగురిలో దేశం గురించి మాట్లాడే అలవాటు కూడా ఇంకా రాలేదు. అయినా రిటైరయ్యాను. బుచ్చిరెడ్డిపాలెంలో మందుల షాపు పైన ఉన్న మా ఆఫీసు మూతపడింది. పనిచేసే చోటే లేకుండా పోతే దాన్ని ఇంకేమనాలో నాకు తెలియదు. రాజీనామా ఇద్దామన్నా తీసుకునేవాళ్ళు లేరు.

ఆఫీసు రత్నం గారిది. ఆయన చార్టర్డ్ అకౌంటెంట్ కాదు, వకీలూ కాదు. జనాలకు ఆదాయపు పన్ను రిటర్నులు వేసిపెట్టే ప్రాక్టీషనర్. నేను ఆయన దగ్గర డిగ్రీ అవగానే చేరి, ఆయన కళ్ళజోడు మూడోసారి మార్చేదాకా ఉన్నాను. ప్రమోషన్ల గురించి రాయమంటే కష్టం. ఉన్నది ఇద్దరం. ఆయన ఖాళీ చేస్తేగాని పైన సీటు దొరకదు, ఆయన ఖాళీ చేసినరోజున కుర్చీలు కూడా అమ్మేశాం.

ఇప్పుడు రొయ్యల మేత ఏజెన్సీలో లెక్కలు చూస్తున్నాను. బస్తాలు వస్తాయి, బస్తాలు పోతాయి. ఏ బస్తా కూడా మెట్లెక్కి వచ్చి కుర్చీ అంచున కూర్చుని, అన్నా నాకెందుకు కోసినారు అని అడగదు. ఈ మధ్య మా పక్కింటి కుర్రాడు పన్నుల పనిలో చేరుతున్నానంటే, వాడికి చెబుదామని మొదలుపెట్టి ఇది రాస్తున్నాను.

చట్టానికి తెలియని మనిషి

మా ఆఫీసుకు ఏడాది పొడుగునా వచ్చేది రైస్ మిల్లుల వాళ్ళు, వడ్ల వ్యాపారులు. రిటర్నుల గడువు నెల జులై వస్తే మాత్రం పిల్లలు వచ్చేవాళ్ళు. సెలవుల్లో రొయ్య పిల్లల్ని పుట్టించే హేచరీల్లో, షోరూముల్లో, ట్యూషన్ సెంటర్లలో పనిచేసి, చేతికొచ్చిన దాంట్లో కొంత ముందే కోతపడి, ఆ కోత ఎందుకు పడిందో తెలియక వచ్చే పిల్లలు. వాళ్ళ దగ్గర రత్నం గారు ఫీజు తీసుకునేవారు కాదు. దీని వెనక పెద్ద త్యాగం ఉందనుకునేరు. ఫీజు అడిగితే వాళ్ళు రసీదు అడుగుతారని ఆయన భయం.

ప్రతి జులైలో మొదటగా వచ్చే ప్రశ్న ఒకటే. నేను స్టూడెంట్‌ని గదా సార్, నాకు పన్నేంది? దానికి ఆయన జవాబు కూడా ఒకటే.

“నువ్వు స్టూడెంటువని నాకు తెలుసు, మీ అమ్మకి తెలుసు. చట్టానికి తెలీదు నాయనా. దానికి నువ్వొక మనిషివి, అంతే.”

ఇదే మీరు నేర్చుకోవలసిన మొదటి సంగతి. చదువుకునేవాళ్ళకని వేరే మినహాయింపు ఏదీ లేదు. అందరికీ ఉన్న పరిమితే వాళ్ళకీ. చదువు కోసం ఇచ్చిన స్కాలర్‌షిప్పు ఆదాయంలోకి రాదు, పనిచేసి తెచ్చుకున్నది వస్తుంది. అయితే సెలవుల సంపాదన ఆ పరిమితి దరిదాపుల్లోకి కూడా రాదు. అంటే పన్ను సున్నా. మరి కోసిందేమిటంటే, అది పన్ను కాదు, పన్ను పడుతుందేమోనని ముందుజాగ్రత్తగా పట్టుకున్నది. రిటర్ను వేస్తే తిరిగొస్తుంది. పాన్ కార్డు ఇవ్వకపోయినా, ఆధార్‌తో కలపకపోయినా కోత రెట్టింపు పడుతుంది. ఈ నాలుగు ముక్కలూ చెప్పడానికి నాకు రెండు నిమిషాలు పడుతుంది. అర్థమయ్యాక పిల్లల ముఖం మారుతుందే, దాని కోసం అరగంట చెప్పేవాణ్ణి. ఆ ముఖాలు ఇప్పుడు ఏ యాప్‌లో చూసుకుంటున్నాయో.

ఒక కీబోర్డు కుర్రాడు గుర్తొస్తున్నాడు. ఇంటర్ చదువుతూ చర్చి పెళ్ళిళ్ళలో వాయించేవాడు. పద్దెనిమిది నిండలేదు. వాళ్ళ నాన్న బడి పంతులు. పిల్లవాడు దాచుకున్నది ఆయన బ్యాంకులో డిపాజిట్ వేశాడు. చిన్నపిల్లల ఆదాయం తల్లిదండ్రుల లెక్కలో కలుస్తుంది గాని, సొంత కష్టంతోనో నైపుణ్యంతోనో తెచ్చుకున్నది మాత్రం వాళ్ళదే. కాబట్టి వాయించి తెచ్చిన డబ్బు కొడుకుది, డిపాజిట్ మీద వడ్డీ తండ్రిది. పంతులుగారు చాలా నొచ్చుకున్నారు. డబ్బు వాడిదై వడ్డీ నాదెట్టా అవుతుందని అడిగారు.

“వాయించింది వాడు. బ్యాంకులో ఊరికే కూర్చున్నదానికి నైపుణ్యం ఏం కావాల సార్?” అన్నారు రత్నం గారు. కుర్రాడు తలొంచుకుని నవ్వాడు. ఆ క్రిస్మస్‌కు మా ఆఫీసు కింద నిలబడి రెండు కీర్తనలు ఉచితంగా వాయించాడు. మందుల షాపులో ఆరోజు తలనొప్పి మాత్రలు బాగా అమ్ముడుపోయాయి.

ఇంకో ఆయన మిల్లు యజమాని. తన రాబడిలో కొంత కొడుకు పేరున ట్యూషన్ సంపాదనగా చూపించమన్నాడు. రత్నం గారు కాదనలేదు. కుర్రాడివైపు తిరిగి, ఏ సబ్జెక్టు చెబుతావు నాయనా అని మర్యాదగా అడిగారు. కుర్రాడు తండ్రివైపు చూశాడు. తండ్రి లెక్కలు అన్నాడు. ఆ అబ్బాయి లెక్కల్లో తప్పిన సంగతి బుచ్చిలో తెలియనివాళ్ళు లేరు. రత్నం గారు కాగితాలు నీటుగా సర్ది తిరిగి ఇచ్చేశారు. మంచి క్లయింటు పోయాడు. మీకు కూడా పోతారు. పోనివ్వండి.

పెంచలమ్మ భయం

కల్పన మొదటిసారి వచ్చిన జులైలో వాళ్ళమ్మ పెంచలమ్మ కూడా వచ్చింది. విడవలూరు దగ్గర సముద్రం పక్క పల్లె వాళ్ళది. నాన్న ఎవరివో రొయ్యల గుంటల దగ్గర కాపలా. కల్పన ప్రభుత్వం కట్టే ఫీజుతో డిగ్రీ చదువుతూ, సెలవుల్లో, ఆదివారాల్లో ఊరి పక్కనే ఉన్న హేచరీలో పనిచేసేది. రొయ్య పిల్లల్ని మైక్రోస్కోపు కింద పెట్టి, ఏది బతికేది, ఏది జబ్బుది అని చూసే పని. నూటికి పది చొప్పున కోసి ఇచ్చారు. ఆ పదితోనే పరీక్ష ఫీజు కట్టాలని ఆమె లెక్క.

నేను రిటర్ను వేద్దామన్నాను. పెంచలమ్మ కూతురి చెయ్యి పట్టుకుని లేచింది.

“పేరెక్కితే బియ్యం కార్డు పోద్దంటయ్యా. మా వీధిలో ఒకాయనకి పోయింది. కార్డు పోతే దీనికి ఫీజెవరు కడతారు? ఆ పది మాకొద్దు, వాళ్ళనే తిననియ్యి.”

ఈ భయం మీకు ఏ పుస్తకంలోనూ దొరకదు. తీరం పల్లెల నుంచి వచ్చే ప్రతి ఇంట్లోనూ దొరుకుతుంది. ఆదాయపు పన్ను కట్టే మనిషి ఇంట్లో ఉంటే కార్డు తీసేస్తారు, కార్డు పోతే ఫీజు పోతుంది, ఫీజు పోతే చదువు పోతుంది. అందుకని తిరిగొచ్చే డబ్బును కూడా ముట్టుకోరు. రత్నం గారు ఓపిగ్గా చెప్పారు. రిటర్ను వేయడం వేరు, పన్ను కట్టడం వేరు, మీ అమ్మాయి కట్టే పన్ను సున్నా, సున్నా కట్టినవాళ్ళ కార్డు ఎవరూ తియ్యరు. పెంచలమ్మకు చట్టం అర్థమైందో లేదో గాని రత్నం గారి తెల్ల జుట్టు మీద నమ్మకం కుదిరింది. కూర్చుంది. చీర కొంగులోంచి ఎండురొయ్యల పొట్లం తీసి బల్ల మీద పెట్టింది. వారం రోజులు మా ఆఫీసులో ఏ ఫైలు తెరిచినా సముద్రమే. మిల్లు యజమానులు ముక్కులు మూసుకుని సంతకాలు పెట్టారు.

డబ్బు తిరిగొచ్చింది. చలికాలంలో కార్డు ఆగిపోయింది.

చట్టం రత్నం గారు చెప్పినట్టే ఉంది. గ్రామ సచివాలయంలో కంప్యూటర్ మాత్రం ఆయనకు తెల్ల జుట్టు ఉందని చూడలేదు. ఇంట్లో ఒకరి పేరు పన్నుల జాబితాలో కనపడింది కాబట్టి ఆపింది. ఫీజు రాదన్నారు, కాలేజీవాళ్ళు డబ్బు కడితేనే పరీక్షకు హాల్‌టికెట్ అన్నారు. పెంచలమ్మ మా మెట్లెక్కి వచ్చి, ఒక్క మాట తిట్టలేదు. గోడ పక్కన నిలబడింది. తిట్టి ఉంటే బాగుండేదని రత్నం గారు ఆ తర్వాత చాలాసార్లు అన్నారు.

ఆయన ఆరోజే షట్టర్ దించి నన్ను వెంటబెట్టుకుని విడవలూరు వెళ్ళారు. పన్ను సున్నా అని డిపార్ట్‌మెంటు ఇచ్చిన ఉత్తర్వు చూపించారు. సచివాలయం అమ్మాయి మంచిదే, తన చేతిలో లేదంది, పై ఆఫీసుకు పంపింది. పై ఆఫీసు నెల్లూరుకు పంపింది. నెల్లూరు మళ్ళీ విడవలూరుకు పంపింది. ఈ తిరుగుడులో కల్పన మాతోనే ఉండేది. బస్సులో కిటికీ పక్కన కూర్చుని పరీక్షలకు చదువుకునేది. రొయ్య గుండె ఎక్కడుంటుందో తెలుసా అన్నా అని అడిగేది. తలలో ఉంటుందట. అందుకే దానికి నాలాగా ఇబ్బంది లేదు, ఆలోచనా ప్రేమా ఒకచోటే అనుకున్నాను.

అన్నా అంది గమనించారా. మా జిల్లాలో కండక్టరు అన్నే, కూరగాయలమ్మేవాడూ అన్నే, ఎదురింటి అంకుల్ కూడా సందర్భాన్ని బట్టి అన్నే. ఆ మాటకు అర్థం ఏమీ లేదని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. తర్వాత ఒకరోజు పెంచలమ్మ కూడా నన్ను అన్నా అని పిలిచింది. అప్పుడు నిజంగానే ధైర్యం వచ్చింది.

పరీక్షలకు ముందు కార్డు తిరిగొచ్చింది. హాల్‌టికెట్ చేతికొచ్చినరోజు రత్నం గారు నాకు టీ ఇప్పించి, నేను చట్టం చెప్పినాను, జాబితా సంగతి చెప్పలేదు, ఇకనుంచి రెండూ చెప్పు అన్నారు. మీకూ అదే చెబుతున్నాను. ఎదుటి మనిషి భయం తప్పని చట్టంతో నిరూపించడం తేలిక. ఆ భయం ఎక్కడినుంచి వచ్చిందో ఒకసారి వెళ్ళి చూడండి, అక్కడ ఏదో ఒకటి ఉంటుంది.

తెల్లకోటు

రెండో జులైకి మళ్ళీ కోత పడింది. రిటర్ను వేస్తే కార్డుకు మళ్ళీ ప్రమాదం. వేయకపోతే పది పోతుంది, పైగా కోతపడిన పేరు ఎలాగూ ఆ పన్నుల జాబితాలో కనపడుతూనే ఉంటుంది. రిటర్ను వేసి, పన్ను సున్నా అన్న ఉత్తర్వు రాగానే, కార్డు ఆగేలోపే సచివాలయంలో ఇచ్చేద్దామనుకున్నాం. ఆ సాయంత్రం రత్నం గారు చాలాసేపు ఫ్యాను వైపు చూసి, అసలు ఆ హేచరీవాళ్ళెందుకు కోస్తున్నారు అన్నారు. అన్నేళ్ళ సర్వీసులో ఆ ప్రశ్న మా ఇద్దరికీ అప్పటిదాకా రాలేదు. కోసింది వెనక్కి తేవడం మా పని అనుకున్నాం, కోయకుండా చూడడం కూడా పనేనని తట్టలేదు.

జీతంగానో కూలిగానో ఇస్తే అంత చిన్న మొత్తానికి కోత ఉండదు. కోత కాగితం తీసి చూస్తే, హేచరీవాళ్ళు పిల్లల్ని కన్సల్టెంట్లుగా రాస్తున్నారు. సాంకేతిక సలహా ఇచ్చే పెద్దమనుషుల ఖాతా అది. అందులో పడితే, ఆ ఖాతాకు వేరుగా ఉన్న చిన్న పరిమితి దాటగానే నూటికి పది.

రత్నం గారు నన్ను ఆదివారం హేచరీకి వెళ్ళి మాట్లాడి రమ్మన్నారు. ఆయనకు ఆదివారం చర్చి. ఈ కోత ఆగితే కల్పన చదువుకు ఉన్న గండం పోతుంది. ఆమె మా మెట్లెక్కవలసిన అవసరం కూడా పోతుంది. రెండూ నాకు ఒకేసారి అర్థమయ్యాయి. విడవలూరు బస్సు దారిలో చెడిపోతే బాగుండుననుకున్నాను. ఆ బస్సు నెలకు నాలుగుసార్లు ఆగిపోయేదే. ఆరోజు మాత్రం పెళ్ళికొడుకును దింపుతున్నట్టు తెచ్చి దింపింది.

హేచరీలో లెక్కలు చూసేది శీనయ్య. పొట్టిగా, పెన్ను చెవిమీద పెట్టుకుని, లోకమంతా తనకు పని పెంచడానికే పుట్టిందన్నట్టు చూస్తాడు. పిల్లల్ని కన్సల్టెంట్లని ఎందుకు రాశారని అడిగాను. చేత్తో లోపలికి చూపించాడు. అక్కడ మైక్రోస్కోపుల ముందు అందరికీ తెల్లకోట్లు. కోటు వేసుకున్నవాళ్ళు కన్సల్టెంట్లు, వేసుకోనివాళ్ళు కూలీలు. ఆయన పద్ధతి అది. మొదట్లో నిజంగానే ఒక పెద్ద టెక్నీషియన్ మద్రాసు నుంచి కోటు వేసుకుని వచ్చేవాడట. ఆయన పోయాడు, కోటు ఉండిపోయింది, కోటుతోపాటు ఖాతా కూడా.

కల్పనను పిలిపించాను. తడి చేతులతో వచ్చింది. పొద్దుటినుంచి ఏం చేశావని అడిగాను.

“టబ్బులు కడిగినా. ఉప్పునీళ్ళు మోసినా. తర్వాత పిల్లల్ని చూసినా. మళ్ళా టబ్బులు.”

“ఆలస్యంగా వస్తే?”

“ఈ అన్న తిడతాడు.”

శీనయ్య వైపు తిరిగాను. “తిట్లు తినేది కన్సల్టెంటా అన్నా? మద్రాసాయన్ని ఎప్పుడన్నా తిట్టినావా?”

“నన్ను మా ఓనరు రోజూ తిడతాడబ్బా.”

“అందుకే నీది జీతం.”

శీనయ్య నవ్వాడు గాని కదల్లేదు. పిల్లల చదువు, బియ్యం కార్డు, న్యాయం, అన్నీ చెప్పాను. సానుభూతిగా తల ఊపి, చూద్దాంలే అన్నాడు. చూద్దాంలే అంటే ఏమిటో మీకు తొందర్లోనే తెలుస్తుంది. చివరికి లేచి వచ్చేస్తూ, మూడు నెలలకోసారి ఈ కోతల లెక్క డిపార్ట్‌మెంటుకు ఎక్కించాలి గదా, ఇంతమంది పేర్లు, పాన్ నంబర్లు నువ్వే కొడతావా అని అడిగాను. ఆ మాటతో ఆయన గొంతు మారింది. కంటినొప్పి గురించి, రాత్రిళ్ళు ఆ పోర్టల్ మొరాయించడం గురించి చాలాసేపు చెప్పుకున్నాడు. కూలి ఖాతాలో రాస్తే అదంతా ఉండదన్నాను. చెవిమీది పెన్ను తీశాడు. వచ్చే నెలనుంచి మార్చేస్తానన్నాడు, మార్చాడు కూడా. మనుషులు చెడ్డవాళ్ళు కాదు, తీరిక లేనివాళ్ళు. న్యాయం చెప్పి ఒప్పించలేనప్పుడు, పని తగ్గుతుందని చెప్పి చూడండి.

కల్పన గేటు దాకా వచ్చింది. గాలికి కోటు రెపరెపలాడుతుంటే చేత్తో పట్టుకుని నిలబడింది.

“ఇంక కొయ్యరా అన్నా?”

“కొయ్యరు.”

“అయితే కార్డుకేం కాదు.”

“కాదు. వేసవిలో కోసింది ఉంది గదా, దానికొక్కటి వచ్చే జులైకి రావాల.”

“ఆ తర్వాత?”

“ఆ తర్వాత పన్లేదు.”

“మంచిదేలే,” అంది. సముద్రం వైపు చూసి మళ్ళీ, “మంచిదే,” అంది. నేను కూడా మంచిదే అన్నాను. తనూ ఒప్పుకున్నట్టు వెనక జనరేటర్ కూడా ఆగిపోయింది. శీనయ్య లోపలినుంచి కేకలు మొదలుపెట్టాడు, ఆమె పరిగెత్తింది.

ఆఖరి జులై

మూడో జులైలో కల్పన ఒక్కతే వచ్చింది. ఎండురొయ్యల పొట్లం తెచ్చింది. కంప్యూటర్ ముందు రిటర్ను పది నిమిషాల పని. ఆరోజు సర్వర్ చాలా నెమ్మదిగా ఉందని నేను రెండుసార్లు చెప్పాను. పాపం సర్వర్ బాగానే ఉంది. రత్నం గారు కళ్ళజోడు పైనుంచి నన్ను చూసి, టీ తాగొస్తానని కిందికి వెళ్ళారు. ఆయన టీ మానేసి ఏడాదైంది.

పై చదువుకు సీటు వచ్చిందని చెప్పింది. లేచేటప్పుడు ఫోన్ తీసి చూపించింది. నా నంబరు ట్యాక్స్ అన్న అని ఉంది.

“ఇన్నేళ్ళు మీ పేరే అడగలేదు. చెప్తే మారుస్తా.”

“ఉండనియ్యిలే. పనయిపోయినాక పేరెందుకు మార్చడం?”

నవ్వి మెట్లు దిగింది. ఆ మెట్లు పద్నాలుగని ఎవరో చెప్పారు. నేనెప్పుడూ లెక్కపెట్టలేదు. ఆరోజు చప్పుడు మాత్రం చివరిదాకా విన్నాను.

తర్వాతి జులైలో ఆ హేచరీ నుంచి ఎవరూ రాలేదు. గడువు ఆఖరి రోజు సాయంత్రం దాకా కిటికీ తెరిచే ఉంచాను, గాలికని. రత్నం గారు తాళం తీసుకుని నిలబడి, ఎవరూ రాకపోతే మనం పని బాగా చేసినట్టు అబ్బాయా అన్నారు. అవును సార్ అన్నాను. ఇద్దరం కాసేపు బాగా చేసిన పనిని చూస్తూ కూర్చున్నాం. ఖాళీ కుర్చీలు చాలా శుభ్రంగా ఉన్నాయి.

ఆ తర్వాత పిల్లలందరూ ఫోన్లలోనే వేసుకోవడం నేర్చారు, చట్టంలో సెక్షన్ల నంబర్లు మారాయి, రత్నం గారి కళ్ళు కొత్త నంబర్లకు ఒప్పుకోలేదు. ఆఫీసు మూసేశాం. కల్పన ఇప్పుడు బోగోలు దగ్గర రొయ్యల ల్యాబులో ఉందని శీనయ్య చెప్పాడు. మేత కోసం మా ఏజెన్సీకి వస్తుంటాడు. ఆమె కింద నలుగురు సెలవుల పిల్లలున్నారట. అందరికీ తెల్లకోట్లేనట. ఏ ఖాతాలో రాస్తున్నారని అడిగాను. చేరిన మొదటిరోజే ఆమె లెక్కలాయన దగ్గరికి వెళ్ళి కూలి ఖాతాలో రాయించిందట.

అంటే అక్కడినుంచి కూడా ఎవరూ రారు.

పన్నుల పనిలో చేరేవాళ్ళకు నేను చెప్పగలిగింది ఇంతే. వెనక్కి తెచ్చిపెడితే మనిషి ఏటా వస్తాడు, దండం పెడతాడు. మొదట్లోనే సరిచేస్తే ఇక రాడు. మీరు రెండోదే చేయండి. బాధగా ఉంటుంది, అయినా పనికి అడ్డం రాదు, నాకు రాలేదు.

కాకపోతే బుచ్చి బజారులో ఎండురొయ్యల గంపల పక్కనుంచి పోతున్నప్పుడు, అది ఏ నెలైనా సరే, ఫోన్ తీసి రిటర్నుకు గడువు ఇంకెన్నాళ్ళుందో చూసుకుంటాను.